శుక్లం ఆపరేషన్ తర్వాత కంటి ప్రెషర్: మర్నాటి అంకె వేరు, మూడో నెల అంకె వేరు

చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్న సారాంశం చెప్పి మొదలుపెడతాను. అమ్మగారికి 66 ఏళ్ళు, ఊరు నెల్లూరు. మంగళవారం చెన్నైలో కుడికంటికి ఫేకో పద్ధతిలో, అంటే చిన్న గాటులోంచి అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి, శుక్లం తీసి లెన్స్ పెట్టారు. ఆపరేషన్‌కు ముందు ప్రెషర్ (పాదరసపు మిల్లీమీటర్లలో) కుడికంట 23, ఎడమకంట 22. బుధవారం పొద్దున కుడికంట 36 వచ్చింది. కనుబొమ దగ్గర నొప్పి, చూపు మబ్బుగా ఉంది. డయామాక్స్ మాత్రలు, టిమోలాల్ చుక్కలు ఇచ్చి శుక్రవారం రమ్మన్నారు. మీ మేనమామకు గ్లకోమా, అంటే ఎక్కువగా కంటి ప్రెషర్ వల్ల కంటినరం దెబ్బతినే జబ్బు ఉంది. "శుక్లం తీస్తే ప్రెషర్ తగ్గుతుందన్నారు, తీరా చూస్తే పెరిగింది, ఏదైనా పొరపాటు జరిగిందా? ఎడమకంటికి చేయించాలా వద్దా? ఊరికి ఎప్పుడు తీసుకెళ్ళాలి?" అని మీరు అడిగారు.

తగ్గుతుందని మీకు చెప్పినమాట నిజమే. మర్నాడు పెరగడమూ మామూలే. ఆపరేషన్ తర్వాత కంటి ప్రెషర్ మూడు వేర్వేరు కాలాల్లో మూడు వేర్వేరు కారణాల వల్ల మారుతుంది. మొదటి రెండు రోజులు ఒక కథ, రెండో వారం నుంచి ఐదారో వారం దాకా ఇంకో కథ, మూడో నెల తర్వాత అసలు కథ. మొదటి రోజు అంకె చూసి మూడో నెల గురించి తీర్పు చెప్పకూడదు.

కంటి ప్రెషర్‌కీ బీపీకీ నేరుగా సంబంధం లేదు. బీపీ మాత్ర వేసుకుంటున్నాం కాబట్టి కంటికీ సరిపోతుందని చాలామంది అనుకుంటారు, అది తప్పు. కంటి ముందు భాగంలో నిమిషానికి రెండు, రెండున్నర మైక్రోలీటర్ల నీరు ఊరుతుంది. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర), ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) కలిసే మూలలో చుట్టూ జల్లెడలాంటి కణజాలం ఉంటుంది, దాన్ని ట్రబెక్యులార్ మెష్‌వర్క్ అంటారు. ఊరిన నీటిలో ఎక్కువ భాగం దానిగుండా వడిసి రక్తంలో కలుస్తుంది. ఊరేదీ పోయేదీ సమానంగా ఉంటే ప్రెషర్ 10 నుంచి 21 మధ్య నిలుస్తుంది. జల్లెడ మూసుకుపోతే పెరుగుతుంది, గాయం కారితే పడిపోతుంది. కింద చెప్పేదంతా ఈ ఒక్క జల్లెడ చుట్టూనే తిరుగుతుంది.

మొదటి రాత్రి ఏం జరుగుతుంది

ఆపరేషన్ చేసేటప్పుడు కంటి ముందు గది, అంటే కార్నియాకూ ఐరిస్‌కూ మధ్య నీరుండే చోటు, కుంగిపోకుండా, కార్నియా లోపలి పొర దెబ్బతినకుండా ఒక చిక్కటి జెల్ నింపుతారు. మన దగ్గర ఎక్కువగా వాడేవి సోడియం హయలురోనేట్, హెచ్‌పీఎంసీ. చివర్లో దాన్ని పీల్చేస్తారు కానీ, పెట్టిన లెన్స్ వెనకా మూలల్లోనూ కొంత మిగిలిపోవచ్చు. ఆ జెల్ అణువులు పెద్దవి, జల్లెడ రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. దానికి తోడు ఆపరేషన్‌లో రేగిన వాపు, ఐరిస్ నుంచి రాలిన రంగు రేణువులు. అందుకే ప్రెషర్ సాధారణంగా ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో శిఖరానికి చేరి, చాలా కళ్ళలో ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది. బుధవారం పొద్దున 36 అంటే మంగళవారం రాత్రి అంతకంటే ఎక్కువే ఉండి ఉండవచ్చు. కనుబొమ నొప్పి, లైట్ల చుట్టూ రంగుల వలయాలు, మబ్బు చూపు ఇవన్నీ దాని ఆనవాళ్ళే.

కాబట్టి 36 చూసి పొరపాటు జరిగిందనలేం. జెల్ ఎంత శ్రద్ధగా తీసినా కొన్ని కళ్ళలో ఇలా అవుతుంది. ఏ కళ్ళలో? ముందే గ్లకోమా ఉన్నవాటిలో, లెన్స్ మీద తెల్లటి పొట్టులాంటి పదార్థం పేరుకున్నవాటిలో, అంటే సూడోఎక్స్‌ఫోలియేషన్ ఉన్నవాటిలో, మైనస్ పవర్ బాగా ఎక్కువున్న పొడవాటి కళ్ళలో, ఆపరేషన్ కష్టంగా సాగినవాటిలో. అమ్మగారి విషయంలో నాకు ముఖ్యంగా కనిపించేది ముందున్న 23. జల్లెడ అప్పటికే బలహీనంగా ఉందని, అదనపు భారం మోసే ఓపిక దానికి లేదని అర్థం. చిత్రమేమిటంటే ఇలాంటి కళ్ళకే మర్నాడు ఎక్కువ పెరుగుతుంది, ఇలాంటి కళ్ళకే మూడో నెలలో ఎక్కువ తగ్గుతుంది.

36 ప్రమాదమా అంటే, నరం మీద ఆధారపడి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కంటినరం ఒకటి రెండు రోజులు ఆ ప్రెషర్‌ను సాధారణంగా తట్టుకుంటుంది. గ్లకోమాతో ఇప్పటికే సగం పోయిన నరం తట్టుకోదు. ఆపరేషన్‌కు ముందు నరం ఎలా ఉందో, అంటే కప్ డిస్క్ రేషియో (నరం తల మధ్య గుంట ఎంత పెద్దదో చెప్పే అంకె) ఎంత రాశారో ఫైల్లో చూడండి. శుక్లం దట్టంగా ఉంటే సరిగా కనపడక ఖాళీ వదిలేసి ఉండవచ్చు. అలాగైతే ఇప్పుడు చూడమని అడగండి.

శుక్రవారం దాకా ఆగడం నాకు కాస్త ఎక్కువ గడువుగానే అనిపిస్తోంది. 36 ఉండి నొప్పి కూడా ఉంటే, మందు వేసిన రెండు మూడు గంటలకు ఒకసారి, మళ్ళీ మర్నాడు ఒకసారి చూడటం మంచిది. గురువారమే ఫోన్ చేసి వెళ్ళండి, ఎవరూ కాదనరు. ప్రెషర్ 40 దాటినా, నొప్పి తీవ్రంగా ఉన్నా, వాంతులైనా డాక్టర్ ఇంకో పని చేస్తారు. స్లిట్ ల్యాంప్ (గడ్డం ఆనించి కన్ను చూసే మైక్రోస్కోప్) దగ్గర కూర్చోబెట్టి, మత్తు చుక్క వేసి, ఆపరేషన్‌లో పెట్టిన చిన్న పక్క గాటు అంచును సన్నటి పరికరంతో మెల్లిగా నొక్కి కొన్ని చుక్కల నీరు వదిలేస్తారు. క్షణంలో ప్రెషర్ పడిపోతుంది. కానీ జెల్ ఇంకా లోపలే ఉంటే గంటా రెండు గంటల్లో మళ్ళీ ఎక్కుతుంది. అందుకే అది చేశాక కూడా మాత్రలు ఆపరు, మళ్ళీ చూడకుండా ఇంటికి పంపరు. ఇది చదివి ఇంట్లో కన్ను నొక్కే ప్రయత్నం ఎవరూ చేయకండి. గాయం తెరుచుకుంటే ఇన్ఫెక్షన్ లోపలికి పోతుంది.

డయామాక్స్ అంటే అసిటజోలమైడ్, మాత్ర 250 మిల్లీగ్రాములు. ఊరే నీటిని తగ్గిస్తుంది. వేళ్ళ చివర్లు, పెదాలు తిమ్మిర్లెక్కడం, ఒంటేలు ఎక్కువసార్లు రావడం, నోట్లో రుచి మారడం మామూలు, భయపడక్కర్లేదు. అయితే అమ్మగారికి సల్ఫా మందులు పడకపోవడం, కిడ్నీ జబ్బు, కిడ్నీలో రాళ్ళు, కాలేయం చెడిపోవడం లాంటివి ఉంటే డాక్టర్‌కు వెంటనే చెప్పాలి. మాత్ర వల్ల పొటాషియం పోతుంది కదా అని మనవాళ్ళు కొబ్బరినీళ్ళు తాగిస్తారు. కిడ్నీ బాగుంటే ఇబ్బంది లేదు, బాగాలేనివాళ్ళకు అదే ముప్పు. టిమోలాల్ చుక్క ఉబ్బసం ఉన్నవాళ్ళకు వేయకూడదు. కంట్లో వేసిందే కదా అనుకుంటారు గానీ, అది ముక్కు దారిన రక్తంలో కలిసి ఆయాసం తెప్పిస్తుంది, నాడి నెమ్మదించేలా చేస్తుంది. ఉబ్బసం గురించి మిమ్మల్ని ఎవరూ అడిగి ఉండకపోతే మీరే చెప్పండి.

మర్నాటి ప్రెషర్ ప్రతిసారీ జెల్ వల్లే అనుకోకూడదు. డాక్టర్‌ను ఒక ప్రశ్న అడగండి: "ముందు గది లోతుగా ఉందా?" లోతుగా ఉండి ప్రెషర్ పెరిగితే జెల్, వాపు, రక్తం, మిగిలిపోయిన శుక్లం ముక్కలు. గది కుంచించుకుపోయి ప్రెషర్ పెరిగితే అది వేరే సంగతి. నీరు దారి తప్పి వెనక్కి పోతూ లెన్స్‌ను ముందుకు తోస్తోందని అర్థం కావచ్చు. దాని వైద్యమూ వేరే, అత్యవసరమూను. గది కుంచించుకుని ప్రెషర్ 5 కంటే తక్కువుంటే గాయం కారుతోందేమో చూస్తారు. ఫ్లోరసీన్ రంగు వేసి నీలం వెలుతురులో చూస్తే, కారేచోట రంగు చెదిరి ధారలా కనిపిస్తుంది.

రెండో వారం నుంచి: చుక్కల మందు చేసే పని

చాలామంది పట్టించుకోని కాలం ఇదే. ఆపరేషన్ తర్వాత వాపు తగ్గడానికి స్టెరాయిడ్ చుక్కలు ఇస్తారు. మన దగ్గర ఎక్కువమంది డాక్టర్లు రోజుకు ఆరుసార్లతో మొదలుపెట్టి వారానికొకటి చొప్పున తగ్గిస్తూ ఆరు వారాలు వాడమంటారు. స్టెరాయిడ్ ఆ జల్లెడలో మార్పులు తెచ్చి నీరు పోయే దారిని బిగిస్తుంది. మామూలు జనంలో మూడోవంతు మందికి ప్రెషర్ ఓ మోస్తరుగా పెరుగుతుంది, నూటికి నలుగురైదుగురికి 15 కంటే ఎక్కువ అంకెలు ఎగబాకుతుంది. గ్లకోమా ఉన్నవాళ్ళలోనూ, వాళ్ళ రక్తసంబంధీకుల్లోనూ ఇది మరీ ఎక్కువ. తోబుట్టువుకు గ్లకోమా ఉంది కాబట్టి అమ్మగారు ఆ జాబితాలోకి వస్తారు.

ఇది మొదలయ్యేది సాధారణంగా రెండు మూడు వారాలు వాడాక. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపు బాగానే ఉంటుంది. కొలిస్తేనే తెలుస్తుంది. వారం రోజులప్పుడు 18 ఉందని నిశ్చింతగా ఊరెళ్ళిపోయి, నెలన్నర తర్వాత కళ్ళజోడు కోసం వచ్చేసరికి 34 ఉండటం అరుదేమీ కాదు. అందుకే మొదటి రోజు, మొదటి వారంతో పాటు మూడో వారంలో ఒక కొలత తప్పనిసరి. ఇది చెన్నైలోనే కొలిపించాలని లేదు, నెల్లూరులో కొలిపించినా చాలు.

ప్రెషర్ పెరిగితే స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు టక్కున ఆపొద్దు. వాపు తిరగబెడితే అదీ జల్లెడను మూసేస్తుంది. ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్, డైఫ్లుప్రెడ్నేట్‌లకు ప్రెషర్ పెంచే గుణం ఎక్కువ. లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథలోన్‌లకు తక్కువ. డాక్టర్ వాటికి మార్చవచ్చు, లేదా స్టెరాయిడ్ కానివాటిమీద నడపవచ్చు. మందు ఆపాక చాలామందికి కొన్ని వారాల్లో ప్రెషర్ దిగుతుంది. అసలు ముప్పు ఎక్కడంటే, ఆరు వారాలు అయిపోయాక కన్ను కాస్త ఎర్రబడితే పాత సీసా పేరు చెప్పి మందుల షాపులో మళ్ళీ కొనుక్కోవడం. సీసా మీద యాంటీబయాటిక్ పేరు పెద్దగా, దాని పక్కనే డెక్సామెథసోన్ చిన్నగా ఉంటుంది. అలా నెలల తరబడి వాడి నరం పోగొట్టుకున్నవాళ్ళను గ్లకోమా క్లినిక్‌లన్నీ చూస్తుంటాయి.

చుక్కలు వేసే పద్ధతి కూడా చెప్పాలి. ప్రెడ్నిసోలోన్ ఎసిటేట్ సీసాలో మందు అడుగున పేరుకుంటుంది, బాగా ఊపకపోతే పైనున్న నీళ్ళే పడతాయి. ఒక్క చుక్క చాలు, రెండోది చెంప మీద కారిపోయేదే. రెండు మందుల మధ్య ఐదు నిమిషాల ఎడం. వేశాక కన్ను మూసి, కనుకొస దగ్గర ముక్కు ఎముక మీద రెండు నిమిషాలు వేలితో ఆనించండి. గుడ్డు మీద కాదు, ఎముక మీద.

మూడో నెల: తగ్గుతుందన్నది ఈ అంకె

మన కంట్లో ఉండే లెన్స్ వయసుతో పాటు లావెక్కుతూ పోతుంది, శుక్లం వచ్చేసరికి నాలుగున్నర, ఐదు మిల్లీమీటర్లు అవుతుంది. పెట్టే లెన్స్ మందం ఒక మిల్లీమీటరు అటూఇటూ. లావుపాటిది తీసి పలచటిది పెట్టడంతో ఐరిస్ వెనక్కి జరుగుతుంది, జల్లెడ ఉన్న మూల విచ్చుకుంటుంది. మూల ముందే విశాలంగా ఉన్న కళ్ళలోనూ కొంత తగ్గుతుంది. లెన్స్‌ను పట్టుకునే దారాల లాగుడు మారి జల్లెడ తెరుచుకోవడం, ఆపరేషన్‌లో పారిన ద్రవం జల్లెడను కడగడం అందుకు కారణాలని చెబుతారు.

ఎంత తగ్గుతుంది? ముందు ప్రెషర్ ఎక్కువుండి గ్లకోమా ఇంకా రానివాళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన ఓక్యులర్ హైపర్‌టెన్షన్ ట్రీట్‌మెంట్ స్టడీలో, శుక్లం తీయించుకున్న కళ్ళ సగటు 23.9 నుంచి 19.8కి దిగింది. ఆపరేషన్ లేని కళ్ళలో 23.8 నుంచి 23.4కి మాత్రమే. ఈ ఫలితాలు 2012లో వచ్చాయి. అమ్మగారి 23కు ఇది దగ్గర పోలిక. మూడు నాలుగు అంకెలు తగ్గుతుందని ఆశించవచ్చు, అది సగటు లెక్క గనుక మాట ఇవ్వలేం. ముందే 13, 14 ఉన్న కంటికి దాదాపు ఏమీ తగ్గదు.

మూల ఇరుకుగా ఉన్న కళ్ళది వేరే లెక్క. 2016లో వచ్చిన ఈగిల్ అధ్యయనంలో 419 మందిని తీసుకుని, కొందరికి లేజర్‌తో ఐరిస్‌కు రంధ్రం వేసి చుక్కలిచ్చారు, కొందరికి శుక్లం లేకపోయినా లెన్స్ తీసేశారు. మూడేళ్ళ తర్వాత లెన్స్ తీసినవాళ్ళలో నూటికి 21 మందికే ప్రెషర్ కోసం ఇంకా వైద్యం కావలసి వచ్చింది, రెండో గుంపులో 61 మందికి. మూల ఇరుకైనవాళ్ళకు శుక్లం ఆపరేషనే గ్లకోమా వైద్యంలో భాగమని అందుకే అంటున్నారు. కాబట్టి అమ్మగారి మూల ఇరుకా విశాలమా అన్నది తెలియాలి. దానికి గోనియోస్కోపీ చేయాలి, కంటి మీద అద్దాల లెన్స్ ఆనించి చూసే పరీక్ష. చాలాచోట్ల తీరిక లేక వదిలేస్తారు, అడిగి చేయించుకోండి.

ఒక హెచ్చరిక. శుక్లం తీస్తే గ్లకోమా పోయినట్టు కాదు. గ్లకోమా చుక్కలు వాడుతున్నవాళ్ళు ఆపరేషన్ అయ్యాక వాటిని సొంతంగా ఆపకూడదు. ట్రబెక్యులెక్టమీ, అంటే నీరు పోవడానికి కొత్త దారి చేసే గ్లకోమా ఆపరేషన్, జరిగిన కంటికి శుక్లం తీస్తే ప్రెషర్ పెరగడం కూడా ఉంది, వాపు వల్ల ఆ దారి పూడుకుపోతుంది. నరం బాగా దెబ్బతినివుంటే శుక్లం ఒక్కటే తీయాలా, ప్రెషర్ ఆపరేషన్ కూడా కలిపి చేయాలా అన్నది గ్లకోమా డాక్టరే తేల్చాలి.

ఎడమకంటి సంగతి

చేయించండి. కానీ కుడికన్ను కుదుటపడి, స్టెరాయిడ్‌కు ఎలా స్పందించిందో తెలిశాక. కుడికన్ను చూపించిందే ఎడమకన్నూ చూపిస్తుందని అనుకుని సిద్ధపడాలి. డాక్టర్‌కు ముందే నాలుగు మాటలు చెప్పండి: మొదటి కంటికి మర్నాడు 36 వచ్చిందని, ఈసారి లెన్స్ వెనక జెల్ కూడా తీయమని, ఆ సాయంత్రమే డయామాక్స్ ఇవ్వవచ్చేమో చూడమని, ప్రెషర్ తక్కువ పెంచే మెత్తటి స్టెరాయిడ్ వాడవచ్చేమో ఆలోచించమని. వాళ్ళకు తెలియదని కాదు, రోజుకు ముప్పై నలభై ఆపరేషన్లు జరిగేచోట ఒక పేషెంటు పాత అంకె ఫైల్లోనే ఉండిపోతుంది. దూరానికీ దగ్గరికీ రెండిటికీ పనికొచ్చే ఖరీదైన మల్టీఫోకల్ లెన్స్ గురించి కౌన్సెలర్ చెబితే, నరం పరీక్ష ఫలితం వచ్చేదాకా ఒప్పుకోవద్దు. నరం దెబ్బతిన్న కంట్లో అది మసక వెలుతురులో చూపును ఇంకా తగ్గిస్తుంది. ఒకే దూరానికి పనిచేసే మామూలు మోనోఫోకల్ చాలు.

"ఇంకా ముదరలేదు, ముదిరాక తీయిద్దాం" అని ఎడమకన్ను వదిలేయకండి. బాగా ముదిరిన శుక్లం ఉబ్బి మూలను మూసేస్తుంది, లేదా కరిగి కారిన ప్రొటీన్ జల్లెడను నింపేస్తుంది. రెండూ ఎర్రటి కన్ను, తట్టుకోలేని నొప్పి, 50 దాటిన ప్రెషర్‌తో వస్తాయి.

రెండు మూడు నెలలు గడిచాక నరానికి ఓసీటీ (నరం పొర మందం కొలిచే స్కాన్), విజువల్ ఫీల్డ్ పరీక్ష (పక్కచూపు ఎంతవరకు ఉందో చూసేది) చేయించి వాటినే కొత్త లెక్కగా పెట్టుకోండి. శుక్లం ఉండగా చేసిన ఫీల్డ్ మబ్బు వల్ల తప్పు చూపిస్తుంది. శంకర నేత్రాలయ చేసిన చెన్నై గ్లకోమా స్టడీలో నగరంలో 40 దాటినవాళ్ళలో నూటికి మూడున్నర మందికి ఓపెన్ యాంగిల్ గ్లకోమా కనిపించింది, వాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు. మేనమామకు ఉందంటే అమ్మగారితో పాటు మీరూ 40 దాటాక చూపించుకోవాలి.

అంకెలు పోల్చేటప్పుడు ఏ మెషీన్‌తో తీశారో రాసుకోండి. గోల్డ్‌మన్ టోనోమీటర్ ప్రమాణం. గాలి ఊదే మెషీన్ 24 అంటే గోల్డ్‌మన్‌తో 20 రావచ్చు. కార్నియా పలచగా ఉంటే అంకె తక్కువ చూపిస్తుంది, మందంగా ఉంటే ఎక్కువ. ఆపరేషన్ తర్వాత నీరెక్కి ఉబ్బిన కార్నియా మీద గోల్డ్‌మన్ కూడా తక్కువ చూపించవచ్చు. అమ్మగారు ఊపిరి బిగబట్టినా, కన్ను గట్టిగా బిగించినా ఎక్కువ వస్తుంది. అందుకే ఒక్క అంకె మీద ఆధారపడకూడదు.

కొన్ని నెలలకో ఏళ్ళకో లెన్స్ వెనక పొర మసకబారితే యాగ్ లేజర్ చేస్తారు. దాని తర్వాత కూడా మొదటి కొన్ని గంటల్లో ప్రెషర్ పెరగవచ్చు, అప్పుడూ ఈ 36 గురించి చెప్పండి. యోగా చేసే అలవాటుంటే శీర్షాసనం మానేయాలి. తలకిందులుగా ఉన్నంతసేపూ ప్రెషర్ రెట్టింపు అవుతుందని చెన్నైలోనే కొలిచి 2006లో ప్రచురించారు.

ఇక ప్రయాణం. రైలు కుదుపుల వల్ల ఏమీ కాదు, మామూలు శుక్లం ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ నింపరు కాబట్టి విమానమైనా పరవాలేదు. చూడాల్సింది ప్రెషర్ ఒక్కటే. మాత్ర ఆపిన తర్వాత కూడా 24 గంటలు ప్రెషర్ 20ల తొలి అంకెల్లో నిలబడితే నెల్లూరు తీసుకెళ్ళండి. మాత్ర మీద 18 వచ్చిందని అదే రోజు సెంట్రల్‌లో రైలెక్కించవద్దు, మాత్ర దిగాక మళ్ళీ ఎక్కవచ్చు. డిశ్చార్జి కాగితం మీద నాలుగు విషయాలు రాయించుకోండి: ప్రతి కొలతా దాని సమయమూ, వాడిన స్టెరాయిడ్ పేరు, ఆపాల్సిన తేదీ, రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు. మూడో వారంలో నెల్లూరులో కొలిచే డాక్టర్‌కు ఆ కాగితమే చూపించండి. ఈలోగా నొప్పి పెరిగి చూపు తగ్గినా, చీము కారినా, కన్ను బాగా ఎర్రబడినా మూడో వారం దాకా ఆగకుండా అదే రోజు దగ్గర్లోని కంటి ఆసుపత్రికి వెళ్ళాలి.